మోర్మన్ మిషనరీలు: శిక్షణ కేంద్రంలో రోజు ఎలా గడుస్తుంది?

తెల్ల చొక్కా, టై, ఛాతీపై నల్లటి పేరు పట్టీ. పక్కనే అదే వేషంలో మరొకరు. ప్రపంచంలోని అనేక నగరాల వీధుల్లో కనిపించే ఈ జంటలు మోర్మన్ మిషనరీలు. వీరిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న యువతీయువకులే. జీతం ఉండదు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు, చర్చి నిర్ణయిస్తుంది. ఇల్లు వదిలిన కొద్ది వారాలకే ముక్కూ ముఖం తెలియనివారితో, ఒక్కోసారి అప్పుడే నేర్చుకున్న భాషలో, మతం గురించి మాట్లాడాలి.

ఆ కొద్ది వారాల్లో వారిని సిద్ధం చేసేవే మిషనరీ ట్రైనింగ్ సెంటర్లు. వీటిలో అతిపెద్దది అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో నగరంలో ఉంది. అక్కడ చెప్పే మత పాఠాల్లో చాలా భాగం ఈ యువతకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. కొత్తగా అలవాటు చేసుకోవాల్సింది దినచర్యను.

ఎవరు వెళ్తారు?

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన 'ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లేటర్-డే సెయింట్స్' సభ్యులనే వాడుకలో మోర్మన్లు అంటారు. బైబిల్‌తో పాటు వీరు పవిత్రంగా భావించే 'బుక్ ఆఫ్ మోర్మన్' నుంచి ఈ పేరు వచ్చింది. తమను పూర్తి పేరుతోనే పిలవాలని 2018లో చర్చి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ కోరారు. అయినా పాత పేరు వాడుకలోనే ఉంది.

యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర మిషనరీలుగా పనిచేస్తారు. 2012 అక్టోబరులో కనీస వయసును పురుషులకు 19 నుంచి 18కి, మహిళలకు 21 నుంచి 19కి తగ్గించారు. దాంతో అప్పటివరకు సుమారు 58 వేలుగా ఉన్న మిషనరీల సంఖ్య 2013 చివరికి 83 వేలు దాటింది. ఆ తాకిడిని తట్టుకోవడానికి 2013లో మెక్సికో సిటీలో మరో పెద్ద కేంద్రాన్ని తెరిచారు.

ఖర్చు మిషనరీ లేదా కుటుంబమే భరించాలి. అమెరికా నుంచి వెళ్లేవారు నెలకు ఇంత అని చర్చికి చెల్లిస్తారు. 2020 జూలైలో ఈ మొత్తాన్ని 400 డాలర్ల నుంచి 500 డాలర్లకు పెంచారు. స్తోమత లేనివారికి స్థానిక చర్చి, ఇతర సభ్యులు సాయం చేస్తారు.

భాషా తరగతులతో మొదలై

ప్రోవో కేంద్రం మూలాలు 1961లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో మొదలైన భాషా శిక్షణలో ఉన్నాయి. లాటిన్ అమెరికా వెళ్లాల్సినవారికి వీసాలు ఆలస్యమవుతుంటే, ఆ ఖాళీ సమయంలో స్పానిష్ నేర్పేవారు. ఇప్పుడున్న ప్రాంగణం 1976లో సిద్ధమైంది. 1978 నుంచి, కొత్త భాష అవసరం లేనివారికి కూడా ఇక్కడే శిక్షణ ఇస్తున్నారు. ఇప్పుడు ఇక్కడ 50కి పైగా భాషలు నేర్పుతున్నారు.

కోవిడ్ కారణంగా 2020 మార్చిలో శిక్షణ మొత్తం ఆన్‌లైన్‌కు మారింది. ప్రోవోలో 2021 జూన్ నుంచి మళ్లీ విద్యార్థులను రానిచ్చారు. అయితే శిక్షణలో తొలి భాగాన్ని ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పూర్తిచేసే పద్ధతి కొనసాగింది. తెలిసిన భాషలోనే పనిచేయబోయేవారి శిక్షణ రెండు మూడు వారాల్లో ముగుస్తుంది. కొత్త భాష నేర్చుకునేవారికి దాని కష్టాన్ని బట్టి ఆరు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది.

ఉదయం 6.30 నుంచి రాత్రి 10.30 వరకు

ఉదయం ఆరున్నరకు లేవాలి. రాత్రి పదిన్నరకల్లా లైట్లు ఆర్పేయాలి. ఈ మధ్యలో ప్రార్థన, సొంతంగా చదువుకోవడం, సహచరుడితో కలిసి చదవడం, భాష నేర్చుకోవడం, గంటల తరబడి తరగతులు ఉంటాయి. 'ప్రీచ్ మై గాస్పెల్' అనే పుస్తకం ప్రధాన పాఠ్యగ్రంథం. 2004లో వచ్చిన ఈ పుస్తకానికి 2023లో కొత్త కూర్పు వెలువడింది. పాఠాలను బట్టీపట్టి ఒప్పజెప్పకుండా, ఎదుటివారి అవసరాన్ని బట్టి చెప్పాలన్నది అది నేర్పే పద్ధతి.

వ్యాయామానికి విడిగా సమయం ఉంటుంది. భోజనం పెద్ద క్యాంటీన్‌లో. టీ, కాఫీ ఉండవు. మద్యం, పొగాకుతో పాటు వాటినీ ఈ మతం నిషేధిస్తుంది. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. మంగళ, ఆదివారాల సాయంత్రాలు అందరూ పెద్ద హాలులో చేరి చర్చి పెద్దల ప్రసంగాలు వింటారు. సినిమాలు, టీవీ, ప్రేమ వ్యవహారాలకు చోటు లేదు.

వారానికి ఒకరోజు 'ప్రిపరేషన్ డే'. బట్టలు ఉతుక్కోవడం, జుట్టు కత్తిరించుకోవడం, ఇంటికి ఉత్తరాలు రాయడం ఆ రోజే.

ఒంటరిగా ఉండకూడదు

కేంద్రంలో అడుగుపెట్టగానే ప్రతి ఒక్కరికీ ఒక సహచరుణ్ని, అమ్మాయిలైతే సహచరిని కేటాయిస్తారు. ఎవరు కావాలో ఎంచుకునే వీలు లేదు. స్నానాల గది మినహా ఎక్కడికైనా ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఒకే గదిలో వేర్వేరు మంచాలపై పడుకుంటారు. ఇలాంటి జంటలు కొన్ని కలిసి ఒక 'డిస్ట్రిక్ట్'. తరగతి గదిలో, భోజనాల బల్ల దగ్గర వీరంతా కలిసే ఉంటారు.

సొంత పేర్లతో పిలుచుకోరు. ఇంటిపేరుకు ముందు అబ్బాయిలకు 'ఎల్డర్', అమ్మాయిలకు 'సిస్టర్' చేరుస్తారు. 18 ఏళ్ల కుర్రాడు కూడా ఎల్డరే, అంటే పెద్ద. నిన్నటివరకు స్నేహితుల మధ్య తిరిగిన వ్యక్తికి కొత్త పేరు, కొత్త దుస్తులు, కొత్త తోడు ఒకేరోజు వచ్చిపడతాయి.

భాష నేర్పే తీరు కూడా ఇంతే వేగంగా ఉంటుంది. వ్యాకరణం పూర్తయ్యేదాకా ఆగరు. మొదటి వారంలోనే, వచ్చీరాని మాటలతోనే, మతం గురించి తెలుసుకోవాలనుకునే వ్యక్తి పాత్ర పోషించే ఉపాధ్యాయుడికి పాఠం చెప్పాలి. వీలైనంతవరకు నేర్చుకుంటున్న భాషలోనే మాట్లాడుకోవాలి. ఉపాధ్యాయుల్లో చాలామంది ఈమధ్యే మిషన్ ముగించుకొని వచ్చి, పక్కనే ఉన్న యూనివర్సిటీలో చదువుకుంటున్న విద్యార్థులు.

భారత్‌తో సంబంధం

చర్చి ఇలాంటి కేంద్రాలను ఇతర ఖండాల్లోనూ నడుపుతోంది. ఆసియాలో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఒకటి ఉంది. భారత్‌లో ఈ చర్చి చిన్నదే. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. అనేక స్థానిక సంఘాలను కలిపే పాలనా విభాగాన్ని 'స్టేక్' అంటారు. దేశంలో తొలి స్టేక్ 2012లో హైదరాబాద్‌లోనే ఏర్పాటైంది. బెంగళూరులో ఆలయం నిర్మిస్తామని 2018లో ప్రకటించారు.

విదేశీయులు మత ప్రచారానికి భారత్ రావాలంటే ప్రత్యేకంగా మిషనరీ వీసా కావాలి, టూరిస్ట్ వీసాపై కుదరదు. రాజ్యాంగంలోని 25వ అధికరణ మత ప్రచార హక్కు ఇచ్చినా, ఇతరులను మతం మార్చే హక్కు అందులో భాగం కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని రాష్ట్రాల్లో మతమార్పిడి నియంత్రణ చట్టాలున్నాయి.

అందరికీ సరిపడుతుందా?

ఈ పద్ధతిని సమర్థించేవారు క్రమశిక్షణ, భాష, కొత్తవారితో జంకు లేకుండా మాట్లాడే నేర్పు జీవితాంతం ఉపయోగపడతాయంటారు. ఇష్టం లేని సహచరుడితో సర్దుకుపోవడమే అసలు శిక్షణ అని చెప్పేవారూ ఉన్నారు.

ఇంటిబెంగ, ఆందోళన మాత్రం అక్కడ సాధారణమే. కేంద్రంలో మానసిక నిపుణుల సాయం అందుబాటులో ఉంటుంది. 2019 ఫిబ్రవరికి ముందు మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేందుకు ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు, అనుమతి ఉండేది. ఇప్పుడు వారానికోసారి మాట్లాడవచ్చు. మిషన్ ప్రారంభంలో తల్లిదండ్రులకు ఇదే పెద్ద ఊరట.

అసలు ఒత్తిడి కేంద్రం గోడల బయటే ఉందన్నది విమర్శకుల మాట. అర్హులైన యువకులంతా మిషన్‌కు వెళ్లడం తమ బాధ్యత అని చర్చి చెబుతుంది. మహిళలకు ఆ నిర్బంధం లేదు. దాంతో వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం 18 ఏళ్ల కుర్రాడు ఒక్కడే తీసుకునేది కాకుండా పోతుంది. మధ్యలో తిరిగొచ్చినవారు అనారోగ్యంతో వచ్చినా బంధువుల, ఊరివారి ప్రశ్నలను ఎదుర్కోవాల్సి వస్తుంది. ఇలాంటివారు ఇంటి దగ్గరే ఉండి సేవా కార్యక్రమాల్లో పనిచేసే 'సర్వీస్ మిషన్'కు చర్చి అవకాశం కల్పించింది. దాన్ని అసలు మిషన్‌తో సమానంగా చూస్తారా లేదా అన్నది ఆ కుటుంబాలు, ఆ సంఘాల చేతిలో ఉంది.