గాలికి పోని పాట

గ్రామఫోను పాట ప్లేటు మీద నిలిచి ఉంటుంది. రేడియో పాట విన్నంతసేపే. ఆకాశవాణి నాటకం వినడానికి పొరుగింటి అరుగెక్కిన పెద్దలు మన సంఘంలో ఇంకా ఉన్నారు, వారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. అయితే రేడియోకు వాయించినందువల్లనే ఒక మేళం చరిత్ర సగం దక్కిన వింత ఒకటున్నది.

ఇంగ్లండులో కాంటర్‌బరీ వైపు యువకులు 1966లో కట్టిన ఆ మేళం పేరు సాఫ్ట్ మెషీన్. మైక్ రాట్లెజ్ ఆర్గను వాయించేవాడు. రాబర్ట్ వయాట్ డ్రమ్ములు కొడుతూనే పాడేవాడు. కుర్రకారు మెచ్చే రాక్ సంగీతంలో వీరు జాజ్‌ను కలిపారు. మన విద్వాంసుల కల్పనస్వరం వలె అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడమే జాజ్ ప్రాణం.

ఆ రోజుల్లో బి.బి.సి. వారు రికార్డులను ఇష్టం వచ్చినంతసేపు వేయడానికి వీలులేదు. యంత్రమే పాడితే వాద్యకారుల కూడు పోతుందని వారి సంఘం పట్టుబట్టగా, రికార్డులకు ఇన్ని గంటలేనని కట్టడి ఉండేది. దానిని 'నీడిల్ టైమ్' అనేవారు. తక్కిన వేళ నింపడానికి మేళాలను స్టూడియోకు పిలిచి, వాయింపించి, టేపు మీద పట్టేవారు. సాఫ్ట్ మెషీన్ వారు 1967 డిసెంబరులో 'టాప్ గేర్' కార్యక్రమానికి మొదటిసారి వాయించారు. జాన్ పీల్ పేరుతో ప్రసిద్ధికెక్కిన కార్యక్రమం అది.

1969 జూన్‌లో మళ్ళీ పిలుపు వచ్చినప్పుడు వయాట్ ఒక చిలిపిపని చేశాడు. 'మూన్ ఇన్ జూన్' అనే తన పాటకు మాటలు మార్చి, బి.బి.సి. వారికే కృతజ్ఞత చెప్పుకున్నాడు. మునుపు చిన్న చిన్న పాటలే పాడామనీ, ఇప్పుడు కావలసినంతసేపు వాయించనిచ్చారనీ, నడవలో టీ యంత్రం కూడ ఉన్నదనీ! 1970లో వెలువడిన 'థర్డ్' ఆల్బములో ఈ మాటలు లేవు. మాకైతే ఈ రేడియో పాటే ముద్దు.

ఆ నవంబరులో నలుగురు ఊదేవారిని చేర్చుకొని ఏడుగురై వచ్చారు. ఆ ఏడుగురి జట్టు కొద్ది నెలలకే చెదిరింది, ఆల్బమేదీ చేయకుండానే. ఆనాటి టేపు పోతే వారి వాద్యం ఏమి మిగిలేది?

పోయినవి లేకపోలేదు. టేపు ఖరీదైనది, ప్రసారమైన తరువాత ఎందరో కళాకారుల టేపులు తుడిచి మళ్ళీ వాడుకున్నారు. మేమూ గడువు తీరిన రిజిస్టర్లను చిత్తుకాగితాల వానికి తూచి ఇచ్చిన గుమాస్తాలమే, ఆ ఉద్యోగులను తిట్టడానికి మాకు నోరు రాదు.

మిగిలిన వాటిని 2003లో హక్స్ కంపెనీవారు రెండు జతల డిస్కులుగా వెలువరించారు. 1967-71 వాద్యం ఒక జత, 1971-74ది మరొకటి. టీ యంత్రం పాట మొదటి జతలో ఉన్నది.