బ్రాంజర్ (సౌందర్య సాధనం)

బ్రాంజర్ అనగా చర్మానికి ఎండ సోకినట్టి లేత గోధుమ ఛాయను తాత్కాలికంగా కలిగించే సౌందర్య సాధనం. ఇది పొడి, క్రీము, జెల్, ద్రవ రూపాలలో లభిస్తుంది. ముఖానికి, మెడకు, కొన్ని సందర్భాలలో భుజాలకు, కాళ్ళకు దీనిని పూస్తారు. సబ్బుతో కడిగితే పోతుంది. తెల్లని చర్మం గలవారు ఎక్కువగా ఉండే ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియాలలో దీని వాడకం అధికం.

మిక్కిలి తెల్లని చర్మం గలవారి విషయంలో బ్రాంజర్‌కు రెండు కారణాల వలన ప్రాముఖ్యం ఉంది. మొదటిది, వారి చర్మం ఎండలో గోధుమ రంగుకు మారడానికి ముందే కమిలి ఎర్రబడుతుంది. అందువలన ఆ ఛాయను కోరుకునేవారు ఎండలో పడుకోవడం కంటే దానిని పైపూతగా వేసుకోవడం క్షేమకరం. రెండవది, తెల్లని చర్మంపై రంగు ఎంపికలో జరిగిన చిన్న పొరపాటు కూడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది.

పేరు

ఆంగ్లంలో బ్రాంజ్ అంటే కంచు. ఇది రాగి, తగరముల మిశ్రమ లోహం. ఫ్రెంచి భాషలో ఇదే మూలం నుండి వచ్చిన క్రియకు ఎండలో మేనిని గోధుమ రంగుకు తెచ్చుకొనుట అనే అర్థం కూడా ఉంది. ఎండ సోకిన చర్మాన్ని కంచు రంగుతో పోల్చడం వలన ఈ సాధనానికి బ్రాంజర్ అనే పేరు వచ్చింది. తెలుగులో కూడా ఈ పేరే వాడుకలో ఉంది.

తెల్లని చర్మంపై ఎండ ప్రభావం

చర్మపు రంగుకు ముఖ్య కారణం మెలనిన్ అనే వర్ణకం. బాహ్యచర్మపు అడుగు పొరలో ఉండే మెలనోసైట్లు అనే కణాలు దీనిని తయారు చేస్తాయి. ఈ కణాల సంఖ్య తెల్లనివారిలోను, నల్లనివారిలోను ఇంచుమించు సమానమే. అవి తయారు చేసే మెలనిన్ పరిమాణంలోను, రకంలోను తేడా ఉంటుంది. యూమెలనిన్ గోధుమ, నలుపు రంగులను ఇస్తుంది. ఫియోమెలనిన్ ఎరుపు, పసుపు రంగులను ఇస్తుంది. ఎర్రని జుట్టు, ముఖంపై గోధుమ చుక్కలు గలవారిలో రెండవ రకం పాలు ఎక్కువ. అది అతినీలలోహిత కిరణాల నుండి తగినంత రక్షణ ఇవ్వలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు స్పందించే తీరును బట్టి చర్మాన్ని వర్గీకరించాడు. తరువాతి కాలంలో ఈ వర్గీకరణ ఆరు రకాలకు విస్తరించింది.

• 1వ రకం: ఎల్లప్పుడూ కమిలిపోతుంది. గోధుమ రంగుకు మారదు.
• 2వ రకం: సులభంగా కమిలిపోతుంది. అతి స్వల్పంగా గోధుమ రంగుకు మారుతుంది.
• 3వ రకం: కొద్దిగా కమిలి, క్రమంగా గోధుమ రంగుకు మారుతుంది.
• 4వ రకం: అరుదుగా కమిలిపోతుంది. బాగా రంగు మారుతుంది.
• 5వ రకం: చాలా అరుదుగా కమిలిపోతుంది. సహజంగానే గోధుమ రంగులో ఉంటుంది.
• 6వ రకం: మిక్కిలి ముదురు రంగు చర్మం. దాదాపుగా కమిలిపోదు.

ఈ వ్యాసంలో తెల్లని చర్మం అన్నప్పుడు మొదటి రెండు రకాలు అని గ్రహించాలి. ఎండలో చర్మం గోధుమ రంగుకు మారడం ఆరోగ్య లక్షణం కాదు. అతినీలలోహిత కిరణాల వలన చర్మకణాలలోని డి.ఎన్.ఎ. దెబ్బ తిన్నప్పుడు, మరింత నష్టం జరగకుండా శరీరం మెలనిన్‌ను అధికంగా తయారు చేసుకుంటుంది. ఈ నష్టం ఏళ్ళ తరబడి పేరుకొనడం వలన చర్మంపై ముడతలు త్వరగా వస్తాయి. మెలనోమా వంటి చర్మ క్యాన్సర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది.

చరిత్ర

ఐరోపాలో చాలా కాలం పాటు తెల్లని చర్మమే గౌరవ చిహ్నంగా ఉండేది. పొలాలలో పనిచేసేవారి చర్మం ఎండకు నల్లబడేది. ఇంటి పట్టున ఉండే సంపన్నుల చర్మం తెల్లగా ఉండేది. 16వ శతాబ్దంలో ఇంగ్లండు కులీన స్త్రీలు ముఖం తెల్లగా కనిపించడానికి సీసపు తెలుపు పూసుకునేవారు. సీసం విషపదార్థం కావడం వలన ఈ అలవాటు ఆరోగ్యానికి హాని చేసేది.

పారిశ్రామికీకరణ తరువాత ఈ అభిప్రాయం మారసాగింది. శ్రామికులు కర్మాగారాలలోకి వెళ్ళడంతో వారి చర్మం పాలిపోయింది. సముద్రతీరాలకు విహారానికి వెళ్ళగలిగిన సంపన్నుల చర్మం ఎండ ఛాయను సంతరించుకుంది. కాంతి చికిత్సపై చేసిన కృషికి నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి రావడంతో సూర్యరశ్మి ఆరోగ్యకరమనే నమ్మకం బలపడింది. 1920లలో ఫ్రాన్సు దక్షిణ తీరంలో విహరించి వచ్చిన కోకో షానెల్ మేని ఛాయను చూసి ఈ ఫ్యాషన్ మొదలైందని తరచు చెబుతారు. కాని పైన పేర్కొన్న సామాజిక మార్పులు అంతకు ముందు నుండే జరుగుతున్నాయి.

1935లో ఫ్రాన్సులో లోరియాల్ సంస్థ ఆంబ్ర్ సొలేర్ అనే ఎండ తైలాన్ని విడుదల చేసింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మేజోళ్ళకు కొరత ఏర్పడినప్పుడు బ్రిటన్, అమెరికా స్త్రీలు కాళ్ళకు గోధుమ రంగు పూతలు వేసుకునేవారు. 1960లో కాపర్‌టోన్ సంస్థ ఎండతో పని లేకుండా చర్మం రంగు మార్చే లేపనాన్ని విక్రయించింది. 1984లో గెర్లాన్ సంస్థ విడుదల చేసిన టెర్రకోటా అనే పొడితో బ్రాంజర్ ముఖాలంకరణలో స్థిరపడింది.

తయారీలో వాడే పదార్థాలు

పొడి రూపంలోని బ్రాంజర్‌లో సాధారణంగా ఈ పదార్థాలు ఉంటాయి.

• ఐరన్ ఆక్సైడ్లు: ఇవి ఎరుపు, పసుపు, నలుపు రంగులలో లభిస్తాయి. ఈ మూడింటి పాళ్ళను మార్చడం ద్వారా గోధుమ రంగులోని వివిధ ఛాయలు వస్తాయి. కావిరాయికి, జేగురుకు ఎర్రని రంగు ఇచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. అయితే ఖనిజాలలోని సీసం, ఆర్సెనిక్ వంటి మలినాల దృష్ట్యా సౌందర్య సాధనాలలో కృత్రిమంగా తయారు చేసిన ఆక్సైడ్లను వాడతారు.
• టాల్క్ లేదా పిండి పదార్థాలు: రంగును పలుచబరచి, పొడి సమంగా పరచుకునేటట్లు చేస్తాయి.
• టైటానియం డయాక్సైడ్: తెల్లని వర్ణకం. రంగును లేతపరుస్తుంది.
• అభ్రకం: మెరుపునిస్తుంది. దీనిని కాకిబంగారం అని కూడా అంటారు.

అభ్రకపు గనులకు ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు ప్రాంతం ప్రసిద్ధి. జార్ఖండ్, బీహార్ రాష్ట్రాలలో అభ్రకం సేకరణలో బాలకార్మికులు పనిచేస్తున్నారన్న విషయం వెలుగులోకి రావడంతో, 2017లో పలు సౌందర్య సాధనాల సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్‌ను ఏర్పాటు చేశాయి.

తెల్లని చర్మానికి తగిన ఛాయను ఎంచుకోవడం

ముదురుదనం

తెల్లని చర్మం వెలుతురును ఎక్కువగా పరావర్తనం చేస్తుంది. పలుచగా పూసిన వర్ణకం కూడా దానిపై స్పష్టంగా తెలుస్తుంది. చామనఛాయ మేనిపై కలిసిపోయే గోధుమ రంగు, తెల్లని మేనిపై మరకవలె కనిపిస్తుంది. అందువలన సొంత ఛాయ కంటే ఒకటి, మహా అయితే రెండు మెట్లు మాత్రమే ముదురుగా ఉన్నదానిని ఎంచుకోవాలి. లేత రంగును రెండు మూడు సార్లు పూసి ముదురు చేయవచ్చు. ముదురు రంగును పూసిన తరువాత లేత చేయడం కష్టం.

అంతర్ఛాయ

ఒకే తెలుపు గల ఇద్దరి చర్మాలలో అంతర్ఛాయ వేరుగా ఉండవచ్చు. గులాబీ లేదా నీలం జాడ ఉంటే చల్లని అంతర్ఛాయ అని, పసుపు లేదా బంగారు జాడ ఉంటే వెచ్చని అంతర్ఛాయ అని, రెండింటికీ మధ్య ఉంటే తటస్థమని అంటారు. మణికట్టు వద్ద నరాలు నీలంగా ఉంటే చల్లని ఛాయ అని, పచ్చగా ఉంటే వెచ్చని ఛాయ అని చెప్పడం పరిపాటి. ఇది స్థూలమైన గుర్తు మాత్రమే. ముఖం పక్కన తెల్లని వస్త్రం ఉంచి పగటి వెలుతురులో చూస్తే అంతర్ఛాయ మరింత బాగా తెలుస్తుంది.

• చల్లని అంతర్ఛాయ గలవారికి ఎరుపు, నారింజ తక్కువగా ఉన్న లేత గోధుమ రంగు నప్పుతుంది. ఎరుపు ఎక్కువైతే ముఖం కమిలినట్లు కనిపిస్తుంది.
• వెచ్చని అంతర్ఛాయ గలవారికి తేనె రంగు, లేత బంగారు గోధుమ రంగు నప్పుతాయి.
• తటస్థ అంతర్ఛాయ గలవారికి ఎరుపు, పసుపు సమపాళ్ళలో ఉన్న ఇసుక రంగు నప్పుతుంది.

మెరుపు

మెరుపు లేని లేదా స్వల్పంగా మెరిసే రకం తెల్లని చర్మంపై సహజంగా ఉంటుంది. పెద్ద పెద్ద అభ్రకపు రేణువులున్న పొడి, చర్మరంధ్రాలను, ముడతలను ఎత్తి చూపుతుంది.

పరీక్షించే విధానం

చేతి వెనుక భాగపు రంగు ముఖపు రంగుతో సరిపోలదు. కనుక బ్రాంజర్‌ను దవడ అంచున, మెడ వైపు కొద్దిగా పూసి చూడాలి. దుకాణాలలోని విద్యుద్దీపాల కాంతి రంగును మార్చి చూపుతుంది. బయటకు వచ్చి పగటి వెలుతురులో అద్దం చూసుకోవడం ఉత్తమం. చర్మంలోని నూనెతో కలిసి కొన్ని రకాల రంగు ముదురుతుంది. అందుచేత కొంత సేపు వేచి చూసిన తరువాతనే నిర్ణయించుకోవాలి.

పూసే విధానం

ఎండ సహజంగా తాకే ఎత్తైన భాగాలపై, అనగా నుదుటి అంచు, చెక్కిళ్ళ పైభాగం, ముక్కు దూలం, గడ్డంపై బ్రాంజర్‌ను పూస్తారు. ముఖానికి ఒక పక్కన నుదుటి నుండి చెక్కిలికి, అక్కడి నుండి దవడకు 3 అంకె ఆకారంలో కుంచెను కదపడం ఒక సులభ పద్ధతి. తెల్లని చర్మం గలవారు వెడల్పాటి మెత్తని కుంచెను వాడి, దానికి అంటిన అదనపు పొడిని దులిపిన తరువాతనే పూయాలి. ముఖానికి, మెడకు మధ్య గీత కనిపించకుండా అంచులను కలపాలి. క్రీము రకాన్ని ముఖపు పొడికి ముందు, పొడి రకాన్ని దాని తరువాత వాడాలి.

బ్రాంజర్‌ను కాంటూర్ పొడితో పొరబడరాదు. కాంటూర్ నీడను అనుకరిస్తుంది. అందువలన బూడిద రంగు కలిసిన గోధుమ రంగులో ఉండి, చెక్కిలి కింది పల్లంలో పూయబడుతుంది. బ్రాంజర్ ఎండ ఛాయను అనుకరిస్తుంది కనుక కొంత వెచ్చని రంగులో ఉంటుంది.

ఎండ లేకుండా రంగు మార్చే లేపనాలు

డైహైడ్రాక్సీఅసిటోన్ అనే పదార్థం గల లేపనాలు బ్రాంజర్‌కు భిన్నమైనవి. 1950లలో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఎవా విట్‌జెన్‌స్టైన్ ఈ పదార్థాన్ని ఔషధంగా పరిశీలిస్తుండగా, అది పడిన చోట పిల్లల చర్మం గోధుమ రంగుకు మారడం గమనించింది. ఇది చర్మపు పై పొరలోని మృతకణాల ఎమైనో ఆమ్లాలతో చర్య జరిపి రంగునిస్తుంది. రొట్టె కాల్చినప్పుడు పైభాగం గోధుమ రంగుకు మారడం కూడా ఇటువంటి రసాయన చర్యే. ఈ రంగు కడిగితే పోదు. మృతకణాలు రాలిపోయే కొద్దీ సుమారు వారం రోజులలో తగ్గిపోతుంది. తెల్లని చర్మంపై దీని గాఢత ఎక్కువైతే నారింజ రంగు కనిపిస్తుంది. బొల్లి మచ్చలను కప్పి ఉంచడానికి కూడా ఈ లేపనాలను వాడతారు.

జాగ్రత్తలు

బ్రాంజర్ రంగును మాత్రమే ఇస్తుంది. ఎండ నుండి రక్షణ ఇవ్వదు. ముఖం గోధుమ రంగులో ఉన్నది కనుక చర్మం కమలదని భావించడం ప్రమాదకరం. ఎస్.పి.ఎఫ్. గల బ్రాంజర్లు ఉన్నప్పటికీ, ముఖానికి వాడే కొద్దిపాటి పొడితో చాలినంత రక్షణ లభించదు. బయటకు వెళ్ళేవారు ముందుగా సన్‌స్క్రీన్ రాసుకొని, అది ఆరిన తరువాత బ్రాంజర్ పూసుకోవాలి.

కృత్రిమ అతినీలలోహిత కాంతితో రంగు తెప్పించే పడకలు బ్రాంజర్‌కు ప్రత్యామ్నాయం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో వీటిని మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. అదే సంవత్సరం బ్రెజిల్ వీటిని నిషేధించింది. 2016 నాటికి ఆస్ట్రేలియాలోని అన్ని రాష్ట్రాలలోను వీటితో వ్యాపారం చేయడం నిషేధింపబడింది.

భారతదేశంలో

తెలుగువారితో సహా భారతీయులలో అధిక సంఖ్యాకుల చర్మం పుట్టుకతోనే గోధుమ రంగులో ఉంటుంది. అయితే ఇక్కడి ఆకాంక్ష ఐరోపాకు విరుద్ధంగా ఉంది. పెళ్ళి ప్రకటనలలో తెల్లని ఛాయను కోరడం, అందాలయాలలో ఎండ నలుపును తొలగించే డీట్యాన్ పూతలు వేయించుకోవడం సాధారణం. 1975లో భారతదేశంలో విడుదలైన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము ఈ కోరికకు ప్రతీకగా నిలిచింది. వర్ణవివక్షపై విమర్శలు పెరగడంతో 2020లో దాని పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చారు.

ఒకచోట తెల్లనివారు గోధుమ ఛాయ కొరకు, మరొకచోట గోధుమ ఛాయ గలవారు తెలుపు కొరకు ప్రయత్నించడాన్ని బట్టి, అందమైన రంగు అనే భావన సమాజాన్ని, కాలాన్ని అనుసరించి మారుతుందని తెలుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల ప్రభావం మాత్రం ఫ్యాషన్‌ను బట్టి మారదు. పైపూతతో తెచ్చుకున్న రంగును సాయంత్రం కడిగివేయవచ్చు. ఎండ వలన చర్మకణాలకు జరిగిన నష్టం మాత్రం కడిగితే పోయేది కాదు.

ఇవి కూడా చూడండి

• మెలనిన్
• అతినీలలోహిత కిరణాలు
• చర్మ క్యాన్సర్
• అభ్రకం
• బొల్లి