మారుపేరు చాటున ప్రేమ నవల

తెలుగు ప్రేమ నవలకు పెద్ద పాఠకలోకం 1960లలో ఏర్పడింది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చిన కాలమది. ఆమె నవలలు వరసగా సినిమాలయ్యాయి: 1973లో ‘మీనా’, ‘జీవన తరంగాలు’, 1976లో ‘సెక్రటరీ’. రచయిత్రుల సీరియళ్ల కోసం పత్రికలు పోటీపడ్డాయి.

ఆడపేరుకున్న ఈ గిరాకీ చూసి మగవాళ్లూ ఆ పేర్లే పెట్టుకున్నారు. నవలాకారుడు పరుచూరి నారాయణాచార్యులు పాఠకులకు లల్లాదేవిగానే తెలుసు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో పురాణం సీత పేరిట వచ్చిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్యశర్మ రాసినవే. అది నవల కాదు, శీర్షిక. అయినా పేరు చేసిన పని ఒకటే. ఇది తెలుగువారి చమత్కారం మాత్రమే కాదు. 1908లో లండన్‌లో పుట్టిన ప్రచురణ సంస్థ మిల్స్ అండ్ బూన్‌కు రోజర్ శాండర్సన్ అనే ఆయన జిల్ శాండర్సన్ పేరుతో ఆసుపత్రి ప్రేమకథలు రాశాడు.

రచయిత దాక్కున్నది అమ్మకం కోసం. పాఠకురాలు దాక్కున్నది ఇంట్లోవాళ్ల నుంచి. నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారన్న మాట చాలా ఇళ్లలో వినబడేది. అంతకుముందు చలం నవల ‘మైదానం’కూ అదే నింద తప్పలేదు. పాఠ్యపుస్తకం మధ్య నవల పెట్టుకుని చదవడం, వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి కుట్టుకోవడం ఆ రోజుల అలవాట్లు. అద్దె పుస్తకాల షాపు ఈ చాటు చదువుకు బాగా కలిసొచ్చింది. కొద్దిపాటి డిపాజిట్, రోజుకింత అద్దె. చేతులు మారి నలిగిన పుస్తకానికి షాపువాడు మామూలు అట్ట వేసి బైండు చేయించేవాడు. బొమ్మ పోయేది, లోపలున్నదేమిటో పైకి తెలిసేది కాదు. ఎవరు ఏం చదువుతున్నారో తెలిసింది అతని చిట్టా పుస్తకానికొక్కదానికే.

1990లలో కేబుల్ టీవీ వచ్చి ఆ షాపుల్ని దాదాపుగా మూయించింది. ఇంగ్లీషు ప్రేమ నవల వ్యాపారం మాత్రం ఢిల్లీ చుట్టుపక్కల స్థిరపడింది. మిల్స్ అండ్ బూన్ 2008లో భారతదేశంలో సొంతంగా పుస్తకాలు వేయడం మొదలుపెట్టింది. 2014లో దాని మాతృసంస్థ హార్లెక్విన్ హార్పర్ కాలిన్స్ చేతికి వెళ్లింది. హార్పర్ కాలిన్స్ భారత కార్యాలయం ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లోని సైబర్ సిటీకి చేరింది. 

తెలుగు ప్రేమకథ వేరే దారి పట్టింది. 2014లో మొదలైన, బెంగళూరు కేంద్రంగా నడిచే ప్రతిలిపి యాప్ తెలుగులోనూ ఎవరైనా కలంపేరుతో రాసుకునే వీలిచ్చింది. ఇక్కడ అట్ట లేదు, షాపు లేదు. చదివిన లెక్క మాత్రం సంస్థ దగ్గర ఉంటుంది. మారుపేరు ఇప్పుడు పాఠకులకూ అందింది. వెనకటి వారపత్రికల్లో సీరియల్‌ను మెచ్చుకున్న ఉత్తరం కింద రాసినవారి పేరూ ఊరూ అచ్చయ్యేవి. యాప్‌లో అభిప్రాయం కింద కనిపించేది ఖాతాదారు పెట్టుకున్న పేరే.