గంట మోగితే చాలదు

1903 నుండి 1916 వరకు గిరిమిట్ ఒప్పందంపై మద్రాసు ఓడరేవు దాటి ఫిజీ చెరకు తోటలకు చేరిన తెలుగువారి మనుమలం మేము. నేడు న్యూజీలాండులో, హట్ నది ఒడ్డునున్న లోవర్ హట్‌లో స్థిరపడ్డాము. మన పిల్లలు ఇంజనీరింగు, కంప్యూటర్లు చదువుతున్నారు. సంతోషమే. అయితే యంత్రవిద్యను, మనుష్యుల నడవడిని కలిపి చూసే డాక్టరేటు పరిశోధన కూడా మన పట్టణంలో పెరిగింది. దాని చరిత్ర తెలుసుకోదగినది.

మన నేల కదిలే నేల. 1855 జనవరి 23న వచ్చిన మహా భూకంపం ఈ తీరాన్నే పైకి ఎత్తింది. 1970 దశకంలో ఇక్కడి గ్రేస్‌ఫీల్డ్ ప్రయోగశాలలో బిల్ రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞుడు సీసము, రబ్బరు, ఉక్కు పలకలు కలిపి ఒక దిమ్మె తయారుచేశాడు. దానిని భవనం క్రింద అమర్చితే నేల ఊపు చాలావరకు పైకి ఎక్కదు. వెల్లింగ్టన్‌లోని తె పాపా మ్యూజియం అటువంటి దిమ్మెలపైనే నిలిచి ఉన్నది.

భవనానికి దిమ్మె దొరికింది. మరి మనిషి మాట? హెచ్చరిక విన్నవాడు ఎందుకు కదలడు? ఎవరి మాట నమ్ముతాడు? ఈ ప్రశ్నల కోసమే 2006లో మాసీ విశ్వవిద్యాలయము, మన పట్టణపు జి.ఎన్.ఎస్. సైన్స్ సంస్థ కలిసి విపత్తు పరిశోధన కేంద్రాన్ని స్థాపించాయి. (ఆ సంస్థ 2025లో ఎర్త్ సైన్సెస్ న్యూజీలాండ్‌లో కలిసింది.) అక్కడ భూగర్భశాస్త్రం ప్రక్కనే మనస్తత్వశాస్త్రానికి కూడా పీట వేశారు. 2016 నవంబరు 14 అర్ధరాత్రి కైకోరా భూకంపం వచ్చినప్పుడు ఎందరో కార్లెక్కి రోడ్లపై చిక్కుకున్నారు. నేల నిమిషానికి మించి ఊగినా, నిలబడలేనంత గట్టిగా ఊగినా, సైరను కోసం ఆగక ఎత్తైన చోటికి వెళ్ళాలని ఇక్కడి అధికారులు చెబుతారు. వీలైతే నడిచే వెళ్ళాలి.

ఈ పాఠం మన పూర్వీకుల కోస్తాకు కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. తుఫాను హెచ్చరికలు లేకపోలేదు. అవి గుడిసెల్లోని జనాన్ని కదిలించలేకపోయాయి. 1980 దశకంలో ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా స్థానిక భాషలో హెచ్చరిక వినిపించే పరికరాలను కోస్తాలో పెట్టారు. 1990 మే తుఫానుకు ఆరు లక్షల మందికి పైగా ప్రజలను ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపే. ఉపగ్రహం ఒక్కటే ఈ పని చేయలేదు. గ్రామాధికారి తలుపు తట్టాడు, అర్థమయ్యే మాట వినిపించింది.

ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మన ముసలమ్మకు అర్ధరాత్రి సెల్‌ఫోను మోగితే ఏమి తోచును? ఆమెకు ఏ మాట చెబితే లేచి నడుస్తుంది? ఇది డాక్టరేటుకు తగిన ప్రశ్నే. దీనికి యంత్రము తెలిసి, అమ్మమ్మ భాష తెలిసినవారు కావాలి. మన సాయంకాలపు తెలుగు తరగతి అందుకు తొలిమెట్టు. మన బిడ్డలలో ఒక్కరైనా ఆ మెట్టు ఎక్కాలని కోరుకుందాము.