అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల పోరాట గీతాలు

పోరాట గీతం అనగా తమ జట్టును ఉత్సాహపరచుటకు అభిమానులు కలిసి పాడే పాట. ఆంగ్లంలో దీనిని ఫైట్ సాంగ్ అంటారు. ఈ వ్యాసం అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్ల పాటలకు సంబంధించినది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు పరిచయమైన ఆట కాదు; కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్.

చరిత్ర

ఈ ఆచారం విశ్వవిద్యాలయాల నుండి వచ్చినది. మిషిగన్ విశ్వవిద్యాలయ గీతం "ద విక్టర్స్" 1898 నాటిది. వృత్తి జట్ల పాటల్లో 1931 నాటి గ్రీన్ బే ప్యాకర్స్ గీతాన్ని మొదటిదిగా చెబుతారు. 1940 ఫైనల్లో వాషింగ్టన్ జట్టును 73-0 తేడాతో చిత్తుగా ఓడించిన చికాగో బేర్స్‌కు మరుసటి సంవత్సరం "బేర్ డౌన్, చికాగో బేర్స్" అనే పాట వచ్చింది. సాధారణంగా తమ జట్టు పాయింట్లు సాధించినప్పుడు ఈ పాటలు వినిపిస్తాయి. అన్ని జట్లకూ ఇటువంటి పాట లేదు.

వాషింగ్టన్ గీతం

వీటిలో ఎక్కువ వివాదాలు చూసిన పాట వాషింగ్టన్ జట్టుదే. 1938లో వచ్చిన "హెయిల్ టు ద రెడ్‌స్కిన్స్"కు బార్నీ బ్రీస్కిన్ సంగీతం కూర్చగా, జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ భార్య, మూకీ చిత్రాల నటి కోరిన్ గ్రిఫిత్ సాహిత్యం వ్రాసింది. ఆ సాహిత్యంలో అమెరికా ఆదివాసుల మాటతీరును వెక్కిరించే పంక్తులుండేవి. ఆదివాసుల అభ్యంతరాల తరువాత 1970ల ఆరంభంలో వాటిని మార్చారు.

డల్లాస్ నగరానికి కొత్త జట్టు ఇవ్వడాన్ని మార్షల్ వ్యతిరేకించేవాడు. అతనితో విభేదించిన బ్రీస్కిన్ పాట హక్కులను అమ్మివేయగా, అవి డల్లాస్ జట్టు కోసం ప్రయత్నిస్తున్న క్లింట్ మర్చిసన్ పక్షానికి చేరాయి. తన పాట తనకు తిరిగి దక్కడం కోసం మార్షల్ ఓటు వేయక తప్పలేదు. 1960లో డల్లాస్ కౌబాయ్స్ లీగ్‌లో చేరింది. కాలక్రమంలో ఈ రెండు జట్లూ బద్ధ ప్రత్యర్థులు కావడం విశేషం.

2020లో జట్టు తన పాత పేరును వదులుకుంది. 2022లో కమాండర్స్ అనే పేరు పెట్టుకున్నాక, అదే బాణీకి మాటలు మార్చి పాడడం మొదలైంది.

జట్టు పోయినా మిగిలిన పాట

బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుకు 1947 నుండి సొంత బ్యాండు, పాట ఉండేవి. 1984 మార్చి 28 రాత్రి యజమాని సామానంతా లారీల్లోకి ఎక్కించి జట్టును ఇండియానాపొలిస్‌కు తరలించాడు. బ్యాండు దుస్తులు మాత్రం ఉతకడానికి వేసి ఉన్నందున ఊరిలోనే మిగిలిపోయాయి. జట్టు లేకున్నా వాద్యకారులు విడిపోలేదు. ఊరేగింపుల్లోనూ ఇతర నగరాల ఆటల్లోనూ వాయించారు, కొత్త స్టేడియం నిధుల కోసం మేరీల్యాండ్ శాసనసభ్యుల ఎదుట సైతం వాయించారు. 1996లో రేవెన్స్ జట్టు వచ్చేవరకు పన్నెండు సంవత్సరాలు ఇలాగే గడిచాయి. 1998లో బ్యాండు పేరు మార్చుకొని రేవెన్స్ బ్యాండయినది. పాత కోల్ట్స్ పాట బాణీని 2010లో రేవెన్స్ కొత్త మాటలతో స్వీకరించింది.