మూలన పడేసిన మందు

పదేళ్ళ కిందట మా పెద్దమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు కల్చర్ రిపోర్టు నా చేతికిచ్చారు. మందుల పేర్లన్నిటి ఎదురుగా ‘ఆర్’ అని ఉంది, అంటే పనిచేయవని. ఒక్క కొలిస్టిన్ ఎదురుగా మాత్రం ‘ఎస్’. మేం ఫార్మసీ చదివే రోజుల్లో పుస్తకంలో నాలుగు లైన్లకు మించని మందు అది. పరీక్షకు రాదని వదిలేసేవాళ్ళం.

1940ల చివర్లో జపాన్‌లో కొయామా అనే శాస్త్రవేత్త బృందం మట్టి బాక్టీరియా నుంచి దీన్ని తీసింది. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పైపొరకు రుణావేశం, ఈ మందుకు ధనావేశం. అతుక్కుని పొరను చీల్చేస్తుంది, లోపలి సరుకంతా బయటికి కారిపోతుంది. విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయని మన ఫిజిక్సు మాస్టారు బెత్తం పట్టుకుని చెప్పింది ఇక్కడ పనికొచ్చింది!

1950ల్లో వాడకంలోకి వచ్చింది. కానీ కిడ్నీలను, నరాలను దెబ్బతీస్తుందని తేలింది. జెంటామైసిన్ వంటివి రాగానే, 1970లలో డాక్టర్లు దీన్ని దాదాపు మానేశారు.

మనుషులు మానేశారు గానీ, పశువులకు మానలేదు. చవక కాబట్టి చాలా దేశాల్లో పందులకు, కోళ్ళకు జబ్బు లేకపోయినా బరువు పెరగడానికి మేతలో కలిపారు. ఈలోగా ఆసుపత్రుల్లో క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటివి కార్బాపెనెమ్ మందులకు కూడా లొంగకుండా తయారయ్యాయి. డాక్టర్లకు మళ్ళీ కొలిస్టినే దిక్కయింది. ఎంత డోసు ఇవ్వాలో కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక దేశంలో మిల్లీగ్రాములు, ఇంకో దేశంలో మిలియన్ యూనిట్లు, లెక్క తప్పితే కిడ్నీకే ముప్పు.

2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు ఎమ్‌సీఆర్-1 అనే జన్యువు గురించి ప్రకటించారు. అది పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా కనిపించింది. కొలిస్టిన్‌ను ఎదిరించే ఆ గుణం ఒక బాక్టీరియా నుంచి మరో దానికి, చుట్టానికి చీటీ అందించినట్టు, చేతులు మారుతుంది. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం మాంసం, గుడ్లు, పాల కోసం పెంచే పశువులకు, కోళ్ళకు, చేపలు రొయ్యలకు, మేతలోనూ ఈ మందును నిషేధించింది.

పెద్దమ్మకు క్రియాటినిన్ పెరిగి నాలుగు రోజులు భయపెట్టింది. తర్వాత తగ్గింది, ఇంటికి వచ్చింది.

మన బ్యాచ్‌లో కోళ్ళ ఫారాలు, రొయ్యల చెరువులు ఉన్నవాళ్ళు చాలామందే. స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు పాత మేత బస్తాల లేబుళ్ళు, మందు సీసాలు ఏవైనా ఉంటే ఫోటో తీసుకు రండి. భోజనాలయ్యాక కూర్చుని చదువుదాం.