తెప్ప

తెప్ప అనేది తేలికైన కలప దుంగలను పక్కపక్కన చేర్చి బిగించిన చేపల వేట సాధనం. శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో వాడబలిజ, జాలరి మత్స్యకారులు దీన్ని తరతరాలుగా వాడుతూ వచ్చారు. రేవులు లేని ఇసుక తీరానికి, ఒడ్డున విరిగే కెరటాలకు ఇంతగా అమరిన సాధనం అరుదు: పైకెక్కిన నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది, తిరగబడినా మునగదు. ప్రధాన లోపం కలప నీరు పీల్చి బరువెక్కడం. అందుకే ఉత్తరాంధ్ర తెప్పను రెండు భాగాలుగా చేసి, వేటకు ముందు తాళ్లతో జతకట్టేవారు. తిరిగొచ్చాక విడదీసి ఎండబెట్టేవారు. తెడ్డు, తెరచాప దీన్ని నడిపేవి. తూర్పు తీరపు తెప్పల రకాలను పరిశోధకుడు జేమ్స్ హార్నెల్ 1920లో ప్రచురించిన అధ్యయనంలో వివరించాడు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి ఇంజను అమర్చిన ఫైబర్ తెప్పలు వ్యాపించాయి. వాటి గుల్లల్లో కూరిన థర్మోకోల్ తేలే గుణాన్ని నిలుపుతుంది.